మూడో కుర్చీలో వదినగారు

మొన్న అమీర్‌పేటలో మెట్రో దిగి కిందికి వస్తుంటే ఎవరో నా చేతిలో ఒక కోచింగ్ కరపత్రం పెట్టారు. నెరిసిన తల చూసి కూడా నన్ను కంప్యూటర్ కోర్సులో చేరమన్న ఆ ధైర్యానికి నవ్వొచ్చింది. అమీర్‌పేటలో అంతే, ఊపిరి ఆడుతున్న వాళ్లందరూ విద్యార్థులే. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటూ తలెత్తితే ఎదురుగా ఆ పాత మేడ కనిపించింది. మా వదినగారు, అంటే మా ఆయన పెద్దక్క, రిటైరయ్యాక లెక్చరర్ పోస్టుల పరీక్షకు ఇంగ్లిషు సాహిత్యం చెప్పింది అందులోనే.

ఆవిడ పంజాగుట్టలో మాతోనే ఉండేవారు. పొయ్యి మీద పాలు మరిచిపోవడం, సందు చివరి నుంచి ఇంటికి దారి తెలియకపోవడం మొదలయ్యాక డాక్టరు ఆ మతిమరుపు తగ్గేది కాదని తేల్చేశారు. ఒక్కొక్క పనీ మానిపించాం. పాఠం మాత్రం మానిపించలేకపోయాం. "అది కూడా తీసేస్తే ఇంక నేనెవరినమ్మా?" అనేవారు. అందుకని రోజూ ఆటోలో వెంట తీసుకెళ్లి, చివరి బెంచీలో కూర్చుని, పాఠం తడబడకుండా సాగితే చాలని దణ్ణం పెట్టుకునేదాన్ని.

అప్పుడు చెబుతున్నది ఒక పాతకాలపు దయ్యాల నవలిక. చలిమంట చుట్టూ కూర్చున్న స్నేహితుల్లో ఒకాయన, తనకు తెలిసినావిడ అనుభవం చెబుతాడు. ఆవిడేమో ఎవరిదో బంగళాలో పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే మనిషి. అక్కడ విని రాసిపెట్టిన స్నేహితుడూ "నేను" అంటాడు, చెప్పేవాడూ "నేను" అంటాడు, ఆవిడా "నేను" అంటుంది. బోరబండ నుంచి వచ్చే ఒకమ్మాయికి ఓపిక నశించింది. "మేడం, అసల్ గీ కథ చెప్తున్నదెవరు? జర ఒక్క పేరు చెప్పుండ్రి, రాస్కుంటం" అంది. వదినగారు నవ్వి మూడు కుర్చీలు వేయించారు. మొదటిది విన్నవాడిది, రెండోది చెప్పినవాడిది, మూడోది పిల్లల్ని కనిపెట్టుకున్న ఆవిడది. ఏ కుర్చీలో కూర్చుంటే ఆ గొంతుతో ఇంగ్లిషులో మాట్లాడేవారు. "మన కథలు కంచికి వెళ్తే మనం ఇంటికి వస్తాం. ఇందులో చలిమంట దగ్గరికి ఆఖర్న ఎవరూ తిరిగి రారర్రా" అని చెప్పి, తను మాత్రం బుద్ధిగా మొదటి కుర్చీలోకి వచ్చి పాఠం ముగించేవారు.

ఒక రోజు మూడో కుర్చీలో కూర్చున్నారు. తర్వాత లేచి, "పిల్లలేరీ? ఇందాక ఇక్కడే ఆడుకుంటున్నారు" అన్నారు. తలుపు వెనక చూశారు. కిటికీలోంచి కిందికి తొంగిచూశారు. "ఎవరైనా చెప్పండయ్యా, నాకు భయమేస్తోంది" అన్నారు. క్లాసంతా ఊపిరి బిగబట్టింది, ఆపైన ఒక్కసారిగా చప్పట్లు. "గిట్ల ఎవ్వరు చెప్పలె ఆంటీ, రోమాలు నిక్కబొడిచినయ్" అంటూ బోరబండ అమ్మాయి నా వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. నేను మాత్రం బెంచీలోంచి లేచాను. ఆ కుర్చీలో ఎప్పుడూ ఇంగ్లిషు మాట్లాడే మనిషి ఇప్పుడు తెలుగులో వెతుకుతున్నారు. పైగా ఆవిడకు పిల్లలు లేరు.

దగ్గరికెళ్లి చేయి పట్టుకుని, "వదినగారూ, పాఠం అయిపోయింది, ఇంటికి వెళ్దాం" అన్నాను. ఆవిడ నన్ను మర్యాదగా చూసి, "మీరు ఈ ఇంటివాళ్లా? పిల్లల్ని చూశారా?" అని అడిగారు. లేదంటే ఏడుస్తారు, చూశానంటే చూపించమంటారు. చప్పట్లు ఇంకా మోగుతూనే ఉన్నాయి.

ఆ తర్వాత ఆవిడ మా ఇంట్లో కొన్నేళ్లు ఉన్నారు, మా దగ్గర మాత్రం లేరు. సాయంత్రమైతే చాలు, పిల్లల కోసం గదులన్నీ వెతికేవారు. మొదట్లో నిజం చెప్పాం. చెప్పిన ప్రతిసారీ అప్పుడే పోయిన పిల్లలకు ఏడ్చినట్టు ఏడ్చేవారు. చివరికి, "పడుకున్నారు వదినగారూ" అనడం నేర్చుకున్నాం. ఆ మాటతో ఆవిడ ముఖం తేటపడేది. "అయితే గట్టిగా మాట్లాడకండి" అనేవారు. మా ఆయన టీవీ గొంతు తగ్గించేవారు, నేను గిన్నెలు మెల్లగా సర్దేదాన్ని. అన్నిటినీ కాలమే మాన్పుతుందంటారు. మా ఇంట్లో అది ఏమీ మాన్పలేదు. లేని పిల్లలు లేస్తారేమోనన్నట్టు కాలం కూడా చప్పుడు చేయకుండా నడిచి, ఒకరోజు ఆవిణ్ణి తీసుకుని వెళ్లిపోయింది.