రాజుగారి పిచ్చి, మా అన్న జబ్బు

నంద్యాలలో విత్తనాల కంపెనీలో పని ముగించుకుని, బస్సెక్కి ఆళ్లగడ్డలో ఇల్లు చేరేసరికి సీరియల్ మొదలై ఉండేది. ఏ కాలమో, ఏ రాజ్యమో ఎవరూ చెప్పని రాజుల సీరియల్. ఎక్కడో ఉత్తరాన తీసి తెలుగులోకి దింపిన సరుకు. రాజు పెదవులు ఒకటి అంటుంటే మన చెవికి ఇంకొకటి వినిపించేది. అమ్మకు అదేమీ పట్టేది కాదు. ఆ అరగంట ఇంట్లో గిన్నె చప్పుడైనా ఊరుకునేది కాదు.

ఆ రాజుకు పిచ్చి పట్టింది. పట్టిన రోజు చూడాలి ఆ సంబరం! జుట్టు విరబోసుకున్నాడు, కళ్ళ కింద కాటుక పులుముకున్నాడు, కిరీటం తీసి కుక్కకు పెట్టి దండం పెట్టాడు. పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకు రాణి మొహం మీద ఒక ఉరుము, మంత్రి మొహం మీద ఒక ఉరుము, చివరికి తలుపు దగ్గరి కాపలావాడి మొహం మీద కూడా ఒక ఉరుము. నెలల తరబడి పిచ్చిలో ఉన్నా ఆయన గడ్డం మాత్రం మంగలి ఇప్పుడే దిద్ది వెళ్ళినట్టుండేది. పట్టుబట్ట నలిగేది కాదు. ఆ మనిషికి స్నానం ఎవరు చేయిస్తున్నారో, గోళ్ళు ఎవరు తీస్తున్నారో సీరియల్ రాసినవాళ్ళకు తట్టనే లేదు. నాకు తట్టేది. అదే గదిలో గోడకు ఆనుకుని మా అన్న కూర్చుని ఉండేవాడు.

నాయన పోయాక ఇంట్లో మేం ముగ్గురమే. అన్న ఊళ్ళోనే ఒక మేస్త్రీ కింద రాతి విగ్రహాలు చెక్కేవాడు. నంది మెడలో గంటల పట్టెడ చెక్కాలంటే మేస్త్రీ ఇంకెవరికీ ఇచ్చేవాడు కాదు. అలాంటి మనిషి ఉన్నట్టుండి ఉలి పట్టుకుని రాయి ముందు ఊరికే కూర్చోవడం మొదలుపెట్టాడు. తర్వాత పనికి వెళ్ళడమే మానేశాడు. స్నానం మానేశాడు. పిలిస్తే పలకడు. పెడితే తింటాడు, లేకపోతే లేదు. ఒకసారి మాత్రం, పక్కన పనిచేసేవాళ్ళంతా తన గురించే మాట్లాడుకుంటున్నారని నాకు నెమ్మదిగా చెప్పాడు.

నాకు భయం వేసింది. డాక్టరుకు చూపిద్దామన్నాను. అమ్మ టీవీ వైపు చెయ్యి చూపింది.

"పిచ్చంటే ఏందో ఆడ కనపడతాంది కదా? మావోడు నవ్వినాడా, అరిచినాడా? ఊరికే కూర్చుంటే పిచ్చంటావేంది పాపా?"

చూసిపోదామని వచ్చిన మేస్త్రీ కూడా అదే అన్నాడు. "పిచ్చోడు ఇంత కుదురుగా యాడ కూర్చుంటాడు వదినా? దిగులు పడినాడు, అంతే."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒకే గదిలో ఇద్దరు జబ్బుమనుషులుంటే, అరిచేవాడి మీదే అందరికీ జాలి.

అంతలో సీరియల్లో గుట్టు బయటపడింది. మంత్రి పాలలో మందు కలిపి రాజుకు పోయించాడట. అమ్మ చటుక్కున లేచి కూర్చుంది. "పెట్టినారు! మనోనికీ ఎవురో మందు పెట్టినారు" అంది. పెట్టుడు మందు కక్కించే మనిషి పాములపాడు అవతల ఒక పల్లెలో ఉన్నాడని తెలుసుకుంది. నేను ఎంత మొత్తుకున్నా వినలేదు. ముగ్గురం వెళ్ళాం. అన్న ఆకుపసరు తాగి పేగులు బయటికొచ్చేలా కక్కాడు. ఆ మనిషి అందులోంచి నల్లటి ఉండ ఒకటి పుల్లతో తీసి చూపించాడు. అమ్మ దాన్ని చూసి సంతోషంతో ఏడ్చింది. అన్న తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి, నోరు కూడా తుడుచుకోకుండా పడి ఉన్నాడు.

ఇక అమ్మను అడగలేదు. నంద్యాలలో మానసిక జబ్బుల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. అమ్మ సణుగుతూ వెంట వచ్చింది. డాక్టరు మాత్రలు రాసి ఆమెకే చెప్పాడు: "తగ్గినట్టు కనిపిస్తుంది. అప్పుడే జాగ్రత్తగా ఉండాలి. బాగున్నాడు కదా అని ఆపొద్దు, ఏళ్ళ తరబడి వాడాలి." అమ్మ బుద్ధిగా తలూపింది.

ఎండాకాలం దాటేసరికి అన్న తనంతట తాను గడ్డం గీసుకున్నాడు. ఒక మధ్యాహ్నం అన్నం తింటూ, "పుల్లగూరలో ఉప్పు లేదు" అన్నాడు. వంటకు వంక పెడితే గయ్యిమనే మా అమ్మ, ఆ మాటకు మురిసి ఉప్పు డబ్బా మొత్తం తెచ్చి ముందు పెట్టింది. తర్వాత పనికి కూడా వెళ్ళసాగాడు. సాయంత్రాలు మాతోపాటు సీరియల్ చూసేవాడు. రాజు గోడమీది తన నీడతో కత్తియుద్ధం చేస్తున్న రోజున మెల్లగా అన్నాడు.

"ఇట్లుండదు పాపా. ఆయప్పకు అన్నీ బయటే జరుగుతాండాయి."

"మరి ఎట్లుంటాదిన్నా?"

"చెప్తాలే" అన్నాడు. చెప్పలేదు. నేనూ ఒత్తిడి చేయలేదు. మాట్లాడుకోవడానికి జన్మంతా ఉంది కదా అనుకున్నాను.

సీరియల్ రాజుకు కూడా బాగైంది. రాణి మొక్కుకుని శివుడికి అభిషేకం చేయించింది, ఆ నీళ్ళు తల మీద పడగానే రాజు కళ్ళు తెరిచి రాణిని పేరు పెట్టి పిలిచాడు. మరుసటి రోజే సింహాసనం మీద కూర్చుని తీర్పులు చెప్పాడు. అమ్మ టీవీకే చేతులు జోడించింది. అన్నకు నయమైతే మహానందిలో తల గీయించి అభిషేకం చేయిస్తానని ఆమె ఎప్పుడో మొక్కుకుని ఉంది. ఆ వారమే బయల్దేరదీసింది. గుండుతో అన్న చిన్నపిల్లాడిలా ఉన్నాడు. తిరుగు బస్సులో అరటిపండ్లు ఒలిచి అమ్మకొకటి, నాకొకటి ఇచ్చాడు. ఎంత సంతోషం వేసిందో. ఆ రోజు జబ్బు పోయిందని నేను కూడా నమ్మాను.

మొక్కు తీర్చాక మా ఇళ్ళలో ఇక ఆ జబ్బు మాట ఎత్తరు. మందు ముట్టుకుంటే దేవుడిని అనుమానించినట్టేనని అమ్మ నమ్మకం. నేను పొద్దున్నే బస్సుకు పరుగెత్తేదాన్ని, మాత్రలిచ్చే పని ఆమెది. మానేసింది. నాకు చెప్పలేదు. మనిషి బాగానే తిరుగుతున్నాడు, నాకూ అనుమానం రాలేదు.

ఒక రోజు ఆఫీసులో ఉండగా మేస్త్రీ ఫోన్ చేశాడు. "పాపా, బిరీన రా." పనిచోటికి వెళ్ళేసరికి అన్న నేల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన తాను చెక్కి ముగించిన అమ్మవారి విగ్రహం. ముఖం లేదు. సుత్తితో కొట్టి కొట్టి చదును చేసేశాడు. "అది నన్నే చూస్తాంది" అన్నాడు నాతో, అంతే. మేస్త్రీ పగిలిన రాతిముక్కలు ఏరుతున్నాడు. "నవ్వలేదు పాపా, అరవలేదు. పని చేసినట్టే కొట్టినాడు" అని అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పాడు.

ఇంటికి తీసుకొచ్చాక సంగతి బయటపడింది. అమ్మ తప్పు చేసినట్టు కూడా మాట్లాడలేదు. "మొక్కు తీర్చినాక మాత్రలేంది పాపా? ఆ రాజు అభిషేకమైనాక మందేమన్నా మింగినాడా?"

అరిచాను. టీవీని, రాజును, రాణిని, ఆమెను, దేవుణ్ణి, ఎవరినీ వదలకుండా గొంతు పోయేలా అరిచాను. జడ ఊడిపోయింది. ఇరుగుపొరుగు వాకిట్లోకి వచ్చి నావైపే చూశారు. అన్న గోడ దగ్గర కుదురుగా కూర్చుని ఉన్నాడు. ఆ ఇంట్లో పిచ్చిదానిలా కనిపిస్తున్నది నేనొక్కదాన్నే.

పాత మాత్రలు మళ్ళీ వేస్తే ఈసారి పనిచేయలేదు. మార్చారు, పెంచారు. "జబ్బు తిరగబెట్టిన ప్రతిసారీ మనిషి కోలుకునేది కొంత తగ్గుతుందమ్మా" అన్నాడు డాక్టరు, నా మొహంలోకి చూడకుండా. అన్న ఒళ్ళు వచ్చాడు. చేతులు వణుకుతాయి, ఉలి నిలవదు. మేస్త్రీ మొదట్లో వచ్చి చూసి వెళ్ళేవాడు, ఇప్పుడు రావడం లేదు. ఆ సీరియల్ కూడా అయిపోయింది.

ఇప్పుడు మాత్రలివ్వమని అమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి తనే అన్న అరచేతిలో పెట్టి నీళ్ళు అందిస్తుంది. వాడు మింగుతాడు. ఆమె వెంటనే లేవదు. గ్లాసు పట్టుకుని ఎదురుగా కూర్చుని వాడి మొహంలోకి చూస్తూ ఉంటుంది. వాడి చూపు ఆమెను దాటి ఎటో ఉంటుంది. నేను కూడా మొదట్లో, ఆ చెప్తానన్న మాట చెప్తాడేమోనని, గడప దగ్గర ఆగి చూసేదాన్ని. ఇప్పుడు చెప్పులేసుకుని బస్సుకు వెళ్ళిపోతున్నాను.