రిజెక్ట్ అక్క ఆపిన కుర్చీలు

ఆ రోజుల్లో చేతికి డిప్లొమా వచ్చిందంటే లోకంలోని తప్పులన్నీ నా కంటికే కనిపిస్తాయని గట్టి నమ్మకం. (నా తప్పులు మాత్రం కనిపించేవి కావు. అవి సిలబస్‌లో లేవు.) నేలకొండపల్లి నుంచి రోజూ బస్సెక్కి తల్లాడ అవతల ఉన్న ప్లాస్టిక్ కుర్చీల ఫ్యాక్టరీకి వెళ్లేదాన్ని. నాది క్వాలిటీ కంట్రోల్. ఆ సెక్షన్‌లో ఉన్నదే ఇద్దరం, నేనూ మా రిజెక్ట్ అక్కా. అక్క రాకముందు అక్కడ కుర్చీ మెరిస్తే చాలు, లారీ ఎక్కేది. ఆమె వచ్చి ప్రతి బ్యాచ్ నుంచి పది కుర్చీలు తీయించి, వాటి మీద ఇసుక బస్తాలు పెట్టించి, ఒక్కటి విరిగినా "రిజెక్ట్" అని బ్యాచ్ మొత్తం ఆపేసేది. మా చుట్టుపక్కల చిన్న ఫ్యాక్టరీల్లో అలాంటి పని మొదలుపెట్టింది ఆమే. మా సారుకు (ఫ్యాక్టరీ యజమాని, భారీ మనిషి) అది బొత్తిగా గిట్టేది కాదు. "మంచి కుర్చీలు నువ్వే విరగ్గొట్టి, మళ్ల విరిగినయంటవేంది? గిట్లనే చేస్తే నీ సెక్షనే తీసేస్త!" అనేవాడు.

క్రిస్మస్ ముందు దమ్మపేట దగ్గర ఒక చర్చికి రెండు వందల కుర్చీలు పంపాలి. ఆ రోజు అక్క సెలవు. బస్తాలు మోసే మనిషి కూడా రాలేదు. నేను తెలివిగా ఆలోచించాను. కుర్చీ ఉన్నది మనిషి కూర్చోవడానికి, నేనూ మనిషినే. పది కుర్చీల్లోనూ వరసగా కూర్చున్నాను. పదో కుర్చీలో టిఫిన్ డబ్బా కూడా ఖాళీ చేసి, పాస్ అని సంతకం పెట్టాను.

మర్నాడు పొద్దున అక్క రిపోర్టు చూసి, "ఇదేంది పిల్లా, తట్టుకున్న బరువు నలభై రెండు కిలోలేంది?" అంది.

"నా బరువక్కా" అన్నాను గర్వంగా.

అక్క ఆ బ్యాచ్‌లో మిగిలిన కుర్చీ ఒకటి తెచ్చింది, ఇద్దరం బస్తాలెత్తాం. రెండో బస్తాకే కాలు విరిగింది. కుర్చీలేమో అప్పటికే చర్చికి చేరాయి, ఆ పొద్దున్నే అక్కడ క్రిస్మస్ సభ, ముఖ్య అతిథి మా సారే. ఫోన్ చేస్తే ఎత్తడే. "నడువు జల్దీ! ముసలోళ్లు కూసుంటరు, నడుములు విరుగుతయ్" అంటూ అక్క తను పాస్ చేసిన వేరే బ్యాచ్ కుర్చీలు వ్యాన్‌కెక్కించింది.

మేం వెళ్లేసరికి షామియానా కింద జనమంతా కూర్చుని ఉన్నారు. అక్క పాస్టరు గారి చెవిలో ఏదో చెప్పింది. ఆయన ముఖం చెదరకుండా, "అందరం లేచి నిలబడి పాట పాడుదాం" అన్నాడు. వాళ్లు పాడుతుంటే మేం వెనక నుంచి వరసకు వరస కుర్చీలు మార్చుకుంటూ వచ్చాం. పాట అయిపోయింది, వరసలు అయిపోలేదు. "మరొక్కసారి పల్లవి!" అన్నాడు పాస్టరు గారు. ఆ మరొక్కసారి ఎన్నిసార్లయిందో దేవుడికే తెలియాలి. ముందు వరసలో ఒక అవ్వ, "ఏంది బిడ్డా, కూసోనిస్తరా లేదా? మోకాళ్లు పోతున్నయ్" అని నా చున్నీ పట్టుకుంది.

చివరికి వేదిక మీద సారు కుర్చీ ఒక్కటే మిగిలింది. అక్క దాని మీద చెయ్యి వేసింది. "నా కుర్చీనే గుంజుతవా?" అని సారు కోపంగా దబ్బున కూర్చున్నాడు. నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు పోయాయి. వెనక ఎవరో అలవాటుగా "ఆమెన్" అన్నారు.

సారు కిందనే కూర్చుని (దెబ్బ తగిలింది పరువుకే) "ఈ బ్యాచ్ ఎవరు పాస్ చేసిండ్రు?" అన్నాడు. అక్క నా వైపు చూడనైనా లేదు. "మా సెక్షనే సార్. టెస్టు సరిగ చెయ్యలే. చేసుంటే ఇది గేటే దాటకపోతుండె."

సారు పక్కన పడ్డ కుర్చీ కాలొకటి తీసి తిప్పి చూశాడు. "అవ్" అన్నాడు. "ఇగ నీ సంతకం లేంది ఒక్క కుర్చీ బయటికి పోవద్దు. ముందు నన్ను లేపుండ్రి."

అక్క ఇప్పుడు రిటైరయింది. నేను ఇంకో కంపెనీలో క్వాలిటీ మేనేజర్ని, ప్రతి కాగితం మూడుసార్లు చదివి గానీ సంతకం పెట్టను. మొన్న అక్క వాట్సాప్‌లో పాత ఫోటో పంపింది. అందులో తెల్ల కోటు వేసుకుని, మెడ నిక్కించి నిలబడ్డ ఒక బక్క పిల్ల. ఏమీ తెలియదు, అయినా ఎంత ధీమా! చూసి ముందు నవ్వుకున్నాను. తర్వాత, ఆ ధీమా ఇప్పుడు కొంచెం అప్పు దొరికితే బాగుండుననిపించింది.