గంతలు ఉతికిన రోజు

పాము పగ పన్నెండేళ్లంటారు. టోపీలమ్మ పగ పద్నాలుగు నెలలే గాని, పాము వచ్చి ఆమె దగ్గర పాఠం చెప్పించుకోవాలి.

పసిపిల్లల పరిశోధనశాలలో ఆమె పని బిడ్డల తలకు తీగల టోపీ తొడగడం. మెదడులో కదలికల్ని ఆ టోపీ పట్టి పక్కగదిలోని యంత్రానికి పంపుతుంది. ఆమె చెయ్యి పడితే బిడ్డలు కిలకిలలాడేవారు. ఒకసారి ఏడు నెలల కవలలు ఆమె కొంగును చెరో వైపునా పట్టుకుని వదలకపోతే దాన్ని కత్తిరించి పంపాల్సి వచ్చింది.

పరీక్ష చిన్నదే. ఎదురుగా రెండు తెరలు. రెండింటిలోనూ చెంచా గిన్నెను కొడుతుంది, ఒకదానిలో నెమ్మదిగా, ఒకదానిలో వడివడిగా. చప్పుడు మాత్రం ఒక్కటే. అది ఏ చెంచాదో ఐదు నెలల బిడ్డకు తెలుసు, కళ్లు అటే తిరుగుతాయి. కన్ను తెచ్చిందీ చెవి తెచ్చిందీ కలిపి ముడివేయడం మెదడు అప్పటికే నేర్చుకుంటోంది.

బిడ్డను ఒళ్లో పెట్టుకున్న తల్లి చూపు దారి చూపకూడదని తల్లి కళ్లకు గంతలు, చెవులకు హెడ్‌ఫోన్లు. పెద్ద డాక్టరు పక్కగదిలో కూర్చుని బిడ్డ కళ్లే చూస్తాడు. చప్పుడు అక్కడికి రాదు.

కొత్త యంత్రం వచ్చిన రోజు నుంచి బిడ్డలు అటూ ఇటూ చూసి రాగం తీయసాగారు. టోపీ కట్టగానే బయటికి వెళ్లిపోవాల్సిన టోపీలమ్మ, ఒకరోజు కింద పడ్డ గిలక్కాయ తీయడానికి ఆగితే కారణం దొరికింది. చెంచా తగిలిన అరక్షణానికి గాని చప్పుడు రావడంలేదు!

"సార్, చప్పుడు వెనకబడుతోందండీ."

"టోపీలు కట్టే దానివి, టోపీలు కట్టు. నువ్వు బిగించేస్తున్నావు, అందుకే ఏడుపు."

అదే మాట రిజిస్టరులో రాసి, ఆమెను ఉతికే గదికి పంపాడు. ఇక బిడ్డల్ని తాకకూడదట.

"పోనీలేవే," అన్నాడు మొగుడు.

"పోనిస్తే పోయేది నా చెయ్యి పేరు!"

అప్పటి నుంచి ఉప్పునీళ్లలో టోపీలు నానబెట్టి, ఒక్కో దాన్నీ డాక్టరు మెడ అనుకుని పిండింది. రిజిస్టరులోని ఆ ముక్క ఆయన చేత్తోనే కొట్టేయించాలి. అంతే.

పద్నాలుగో నెలలో ఒకరోజు పెద్దమనుషులు పరిశోధనశాల చూడటానికొచ్చారు. టోపీ కట్టే కొత్త పిల్లకు జ్వరం. ఆ రోజు పరీక్షకు తెచ్చిన బిడ్డ ఎవరనుకున్నారు? డాక్టరుగారి సొంత మనవరాలే.

"గంతలేవీ?" అని డాక్టరు కేకేశాడు.

"నీళ్లలో ఉన్నాయి సార్. హెడ్‌ఫోన్ల తొడుగులు తాడు మీద ఆరుతున్నాయి. ఉతకమన్నది తమరేగా?"

"ఇవాళేనా?"

"ఇవాళ ఉత్తినే చూపించడానికేగా సార్! గంతలు లేకుండా తాతగారి ఒళ్లో కూర్చోబెడదాం. టోపీ నేను కడతాను."

పెద్దమనుషులు ముచ్చటపడ్డారు. డాక్టరు కాదనలేకపోయాడు. ఆమె వేళ్లు తగలగానే పాప బోసినవ్వు నవ్వింది. తెరలు వెలిగాయి. చెంచా పడింది. ఆ తర్వాత తీరిగ్గా, టంగ్! పాప ఎడమకు చూసింది, కుడికి చూసింది, మూతి వంకర పెట్టి గుక్కపట్టింది.

డాక్టరు ముఖం పిండిన గుడ్డలా అయింది. ఆ గదిలో ఆయన చూస్తూ, వింటూ కూర్చున్నది ఇదే మొదటిసారి.

"టోపీ బిగిసిందా సార్?" అని టోపీలమ్మ అందరికీ వినబడేలా అడిగింది.

తెరలు ఆర్పి, టోపీ విప్పకుండానే పాపను ఎత్తుకుంది. ఏడుపు ఆగింది. పాప ఆమె ముక్కు పట్టుకుని నవ్వింది.

"ఇన్నాళ్లూ తెలిసి ఊరుకున్నావా?" అన్నాడు డాక్టరు.

"మొదటి రోజే చెప్పానండి. అప్పుడు మీ చెవులు పక్కగదిలో ఉన్నాయి."

ముందే తెచ్చి బల్ల కింద పెట్టిన రిజిస్టరు తీసి, ఆ పేజీ తెరిచి పట్టుకుంది. కలం కూడా తెచ్చుకుంది. పెద్దమనుషులు చూస్తుండగా ఆయన ఆ ముక్క కొట్టేశాడు.

"ఇంకోసారి సార్. గీత సన్నంగా ఉంది, ఇంకా చదవొస్తోంది."

ఆయన మళ్లీ కొట్టేశాడు. ఆమె వంగి చూసి తృప్తిపడింది. తర్వాత ఉతికే గది తాళంచెవి ఆ పేజీ మీదే పెట్టి, పాప టోపీ విప్పి, భుజాన వేసుకుని మిగతా బిడ్డల దగ్గరికి వెళ్లిపోయింది.