అడిగి తీసుకున్న ఎర్రర్

2023 వేసవి. పగలు టెక్సస్‌లోని ప్లేనోలో లెక్కల టీచర్ని. సాయంత్రాలు అరగంట డ్రైవ్ దూరంలో ఉన్న చిన్న లీగ్ బేస్‌బాల్ స్టేడియంలో అఫీషియల్ స్కోరర్‌ని. అంటే ఆట లెక్కలకు తీర్పరిని. బ్యాటర్ బంతిని కొట్టి, పరుగెత్తి, అవుట్ కాకుండా బేస్ అనే మజిలీ చేరితే అది అతని గొప్పా, ఫీల్డర్ పొరపాటా అన్నది నేను తేల్చాలి. గొప్పయితే హిట్, పొరపాటయితే ఎర్రర్. ఆ ఎర్రర్ ఫీల్డర్ పేరు మీద రికార్డులో ఉండిపోతుంది.

అందుకే ఫీల్డర్లకు నేనంటే ఒళ్లుమంట. అందరిలోకీ లూయిస్‌కి మరీను. అతను మా జట్టు షార్ట్‌స్టాప్, రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడేవాడు. ఎర్రర్ ఇచ్చిన ప్రతిసారీ ఆట అయ్యాక నేను కూర్చునే ప్రెస్ బాక్స్‌కి ఫోన్ చేసి దెబ్బలాడేవాడు.

ఒక సాయంత్రం కాలిఫోర్నియా నుంచి వచ్చిన మా పిన్ని నా వెనక కుర్చీలో కూర్చుంది. ఆవిడకి క్రికెట్ పిచ్చి.

"క్యాచ్ వదిలేస్తే మనవాళ్లు తిట్టి ఊరుకుంటారు. మీరు రాసి కూడా పెడతారుటే? పాపం కదే!" అంది.

ఏడో ఇన్నింగ్ దాకా మా పిచ్చర్, అంటే బంతి విసిరే డెరిక్, ఒక్క హిట్టూ ఇవ్వలేదు. తొమ్మిది ఇన్నింగ్స్ అలాగే గడిస్తే అది నో-హిట్టర్. చాలామంది పిచ్చర్లకు జన్మలో ఒక్కటీ దక్కదు. జరుగుతుండగా దాని పేరెత్తకూడదని ఇక్కడ ఆచారం. ఆటగాళ్లు కూర్చునే డగౌట్‌లో డెరిక్ పక్కన కూర్చోవడానికి కూడా అందరికీ భయమే.

"ఒసే, అవతలివాళ్లకి ఇంకా ఒక్క..."

"పిన్నీ! దిష్టి!"

పిన్ని టక్కున నోరు మూసుకుంది. ఇక విడమరచి చెప్పాల్సిన అవసరమే రాలేదు.

తొమ్మిదో ఇన్నింగ్. ఇంకొక్క అవుట్ కావాలి. బంతి నేలమీద దొర్లుకుంటూ లూయిస్ దగ్గరికి వెళ్లింది, గ్లవ్‌కి తగిలి జారిపోయింది. బ్యాటర్ ఫస్ట్ బేస్ చేరిపోయాడు. స్టేడియమంతా మా కిటికీ వైపు తిరిగింది. నేను హిట్ అంటే డెరిక్ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

లూయిస్ కూడా ఇటే తిరిగి గ్లవ్‌తో గుండెలు బాదుకుంటున్నాడు. తప్పు నాదే, నా పేరు మీదే రాయండి, అని. ఇన్నేళ్లలో ఎర్రర్ కావాలని అడిగిన ఫీల్డర్‌ని నేను చూడలేదు.

నాకూ ఎర్రర్ అనాలనే ఉంది. భయం వేసింది అందుకే. మనసు లాగిన వైపు తీర్పు పోకూడదు. రీప్లే పెట్టించాను, మళ్లీ పెట్టించాను. రూల్ ఒక్కటే: మామూలు ప్రయత్నంతో అవుట్ చేయగలిగేవాడా, లేదా? బంతి ఎగిరిపడలేదు, దారి మళ్లలేదు. తిన్నగా గ్లవ్‌లోకే వచ్చింది, విసరడానికి టైమ్ కూడా ఉంది. ఎవరు అడిగినా, అడక్కపోయినా ఎర్రరే.

"ఎర్రర్, షార్ట్‌స్టాప్," అన్నాను మైక్‌లో. సొంత జట్టు తప్పుకి జనం లేచి నిలబడి కేకలు పెట్టడం అదే మొదటిసారి చూశాను. లూయిస్ గాల్లోకి గంతేశాడు. తర్వాతి బ్యాటర్ స్ట్రైక్ అవుట్.

"ఇప్పుడనొచ్చా?" అంది పిన్ని, నా భుజాలు పట్టుకుని ఊపేస్తూ.

"అను పిన్నీ!"

"ఒక్క హిట్ కూడా లేదే వాళ్లకి!" అని ప్రెస్ బాక్స్ అదిరేలా అరిచింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి.

కాసేపటికి లూయిస్ ఫోన్ చేయకుండా తానే మెట్లెక్కి వచ్చాడు. "థాంక్యూ, మేడమ్."

"నువ్వడిగావని ఇవ్వలేదయ్యా."

"తెలుసు. హిట్ ఇచ్చుంటే మాత్రం ఇంతకన్నా ముందే వచ్చి కొట్లాడేవాణ్ని!"

తర్వాతి వారం ఇంకో ఎర్రర్ ఇస్తే మళ్లీ ఫోన్ చేసి చెడామడా వాయించాడు. హాయిగా విన్నాను. అంతకుముందు ఎర్రర్ అని చెప్పిన ప్రతిసారీ ఒక మనిషికి మచ్చ పెడుతున్నానని మనసు చివుక్కుమనేది. ఇప్పుడు గొంతు తడబడదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం వరకే నా పని. దాన్ని ఎలా మోయాలో ఆడేవాళ్లకు నాకన్నా బాగా తెలుసు.