చెంచా విమానం

ఆ అమ్మాయి పేరు మరిచిపోయాను గానీ, ఆమె చెంచాను మాత్రం ఈ జన్మకు మరవను.

మాదాపూర్‌లో అద్దాల మేడ లేస్తున్న రోజులవి. అది కట్టే కూలీల పిల్లల్లో మాట రానివాళ్లకూ, కాలూ చెయ్యీ సరిగా ఆడనివాళ్లకూ నేను రేకుల షెడ్డులో బడి నడిపేదాన్ని. మమ్మల్ని ఉద్ధరించడానికి ఆ కాలేజీ పిల్ల సెలవుల్లో విదేశం నుంచి దిగింది. మహాతల్లిది వెన్నలాంటి మనసు.

మా బడిలో లచ్చి అనే పిల్లకి వేళ్లు ముడుచుకుపోయేవి. ఏడాదంతా తంటాలు పడి, అన్నం ముద్ద నోటిదాకా తెచ్చుకోవడం దానికి నేర్పాను. సగం ఒళ్లోనే పడేది, అయినా తనే తినేది.

ఒళ్లో మెతుకులు చూసి మహాతల్లి కళ్లు చెమర్చాయి. వెంటనే సంచీలోంచి చెంచా తీసి, "జుయ్య్" అంటూ గాల్లో విమానంలా తిప్పి, లచ్చి నోట్లో దించింది. లచ్చి పకపకా నవ్వింది. ఇక రోజూ అదే విమానం. వద్దమ్మా అంటే, "ఎంత సంతోషంగా ఉందో చూడండి!" అని ఇంగ్లీషులో నాకే పాఠం చెప్పేది.

సెలవులైపోయాయి. అందరినీ వాటేసుకుని, తనివితీరా ఏడ్చి వెళ్లిపోయింది.

మర్నాడు లచ్చిని చంకనేసుకుని వాళ్లమ్మ వచ్చింది.

"ఏం నేర్పిన్రు టీచరమ్మా? కంచం పెడితే చెయ్యి లేపుతలేదు. నోరు తెరిసి కూసుంటున్నది. నేను పనికి పోవాల్నా, దీనికి తినిపియ్యాల్నా?"

అంతలో బేగంపేటలో దిగబోయే విమానం మా వాకిలి మీదుగా పోయింది.

లచ్చి తలెత్తి నోరు తెరిచింది.