నల్ల ఇసుక సీసా

నా చిన్నప్పుడు అమ్మ మందు సీసా ఒకటి నా దగ్గర ఉండేది. అందులో మందు లేదు, నల్ల ఇసుక ఉండేది. అది ఇసుకని నేననుకోలేదు. అమ్మే అనుకున్నాను.

అమ్మ పోయేనాటికి నాకు ఎనిమిదేళ్ళు. అస్థికలు కలపడానికి నాన్న అంతర్వేది బయల్దేరితే, ఆడపిల్లవి నువ్వెందుకని అందరూ అన్నా ఆయన పంచె పట్టుకుని వదల్లేదు. అప్పుడూ మొండిదాన్నే, ఇప్పుడూ అంతేననుకోండి. గోదావరి సముద్రంలో కలిసేచోట నాన్న నడుంలోతు నీళ్ళలో నిలబడి కుండ వంచారు. కాసేపటికి ఒక అల వచ్చి, నా పాదాల ముందు నల్లటి చార వదిలి వెనక్కి వెళ్ళింది. అమ్మ నాకోసం తిరిగొచ్చిందనుకున్నాను. ఎవరూ చూడకుండా పావడాలో మూటగట్టుకుని ఇంటికి తెచ్చి, సీసాలో పోసి, బియ్యం డబ్బా వెనక దాచాను. బడి నుంచి రాగానే ఆ రోజు సంగతులన్నీ దానికి చెప్పేదాన్ని.

ఆ వేసవిలో మా పిన్ని వచ్చింది. అమ్మకి సొంత చెల్లెలు. విశాఖపట్నంలో భూగర్భశాస్త్రం చదివేది. ఆడపిల్ల రాళ్ళేరుకుంటూ తిరగడమేంటని మా మామ్మ, అంటే నాన్న తల్లి, వేళాకోళం చేసేది. సముద్రపొడ్డున ఖనిజాలు ఎలా పోగుపడతాయన్నదే పిన్ని చదువు. వసారాలో పేపర్లు పరిచి, తెచ్చిన ఇసుకంతా ఆరబెట్టి, అందులో అయస్కాంతం తిప్పుతూ కూర్చునేది.

ఒక మధ్యాహ్నం పక్కింటి నుంచి వచ్చేసరికి నా సీసా పిన్ని పక్కన ఖాళీగా ఉంది. నేను ఆడుకోవడానికి తెచ్చిన ఇసుకనుకుందట పాపం. అయస్కాంతానికి అంటుకున్న నల్ల నలుసులను ఒక పక్కకి, మిగతాది ఇంకో పక్కకి విడదీస్తోంది. నేను వెళ్ళి ఆమె చెయ్యి కొరికేశాను. రక్తం వచ్చేలా కొరికాను. అమ్మని ముక్కలు చేస్తున్నావని ఏడ్చాను.

పిన్నికి విషయం అర్థమవడానికి కొంతసేపు పట్టింది. తలుపు దగ్గర నిలబడ్డ మామ్మ, "పోనీలేవే, పసిది. అలాగే అనుకోనీ," అంది.

"రేపు పెద్దయ్యాక తెలిస్తే ఇంకెవర్నీ నమ్మదండి, అత్తయ్యగారూ," అంది పిన్ని.

వంటింట్లోకి వెళ్ళి పొయ్యిలోంచి గుప్పెడు బూడిద తెచ్చింది. అయస్కాంతం నా చేతికిచ్చి, దానిమీద తిప్పమంది. బూడిద కదల్లేదు. తర్వాత నా ఇసుక మీద తిప్పమంది. నల్ల నలుసులు ఎగిరొచ్చి అంటుకున్నాయి. అయితే అమ్మ ఎక్కడుందని అడిగాను.

"నాకూ తెలీదమ్మా," అంది పిన్ని. అంతవరకు నా ముందు ఒక్కసారి కూడా ఏడవని మనిషి, నన్ను ఒళ్ళో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. అమ్మ నాకొక్కదానికే పోలేదని ఆవేళే తెలిసింది.

ఏడుపు తగ్గాక భూతద్దం తెచ్చింది. ఆ ఇసుకలో ఎర్రగా మెరిసే రేణువులు చూపించింది. ఇవన్నీ ఎక్కడో కొండల్లో, భూమి అడుగున కాలి పుట్టాయని, గోదారి మోసుకొస్తే సముద్రం తేలికవాటిని లాక్కుపోయి బరువైనవాటిని ఒడ్డున వదిలేసిందని చెప్పింది. రేణువులో ఏ లోహం ఎంత ఉందో చూస్తే అది ఏ రాతిలో పుట్టిందో, ఎంత వేడి చూసిందో తెలుస్తుందట. చల్లారేటప్పుడు అంచులు మారిపోయినా, నడిమధ్యలో ఆ వేడి గుర్తు మిగిలే ఉంటుందట. నాకు సగం కూడా అర్థం కాలేదు. తర్వాత పిన్ని కోడి ఈకతో దులిపి, ఒక్క నలుసు పోకుండా అంతా సీసాలో పోసింది. తన సీసాలకి అతికించే చీటీయే దీనికీ అతికించి, దొరికిన చోటు, తేదీ రాసింది. సేకరించినవారు అన్నచోట నా పేరు రాసింది.

అమ్మ ముఖం నాకిప్పుడు సరిగ్గా గుర్తురాదు. గొంతు ఎప్పుడో పోయింది. జ్వరంతో కాలిపోతూ అమ్మ నా నుదుటిమీద వేసిన అరచెయ్యి మాత్రం ఇప్పటికీ వేడిగా తెలుస్తుంది.

నిరుడు పిన్ని పోయింది. అదే ఒడ్డుకి వెళ్ళాం. వాళ్ళబ్బాయి కుండ వంచాక, ఒక అల నా కాళ్ళ ముందు నల్లటి చార వదిలింది. అదేంటో, ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు. తెలిసీ వంగి గుప్పెడు ఎత్తుకున్నాను. ఇంటికొచ్చి సీసాలో పోసి చీటీ అతికించాను. చోటు రాశాను, తేదీ రాశాను, నా పేరు రాశాను. పైన, సీసాలో ఏముందన్నచోట పిన్ని పేరు రాయబోయి, కలం పక్కన పెట్టేశాను. అబద్ధం రాస్తే తను ఊరుకోదు.