చుట్టం కోసం మార్చిన పిక్కర్లు

ముసురు పట్టిన రోజుల్లో నా బల్ల సొరుగు తెరిస్తే నూనె తాగిన తోలు వాసన వస్తుంది. అందులో అరిగిన పిక్కర్ ఒకటి ఉంది. మరమగ్గంలో నాడెను ఈ చివరి నుంచి ఆ చివరికి కొట్టే గట్టి తోలు దిమ్మె అది. యంత్రభాగాల అరుగుదలను పరీక్షించడం ఇప్పుడు నా ఉద్యోగం. ఆ విద్య నేర్పింది భారతి మేడం. కోరుట్లలో పుట్టి, ఇంజనీరింగ్ కాలేజీలో ఉత్పత్తి విభాగం పాఠాలు చెప్పిన ఆమె మీకు తెలిసే అవకాశం లేదు. తెలియాల్సిన మనిషి.

నక్సలైట్ల బందులు, పోలీసుల సోదాలు మామూలైపోయిన ఆ కాలంలో ఆమె ఒక జర్మనీ విశ్వవిద్యాలయంతో కలిసి పరిశోధన మొదలుపెట్టారు. సిరిసిల్ల సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పిక్కర్ ఎందుకంత త్వరగా అరుగుతుంది? తోలు వల్లా, నూనె వల్లా, కరెంటు హెచ్చుతగ్గుల వల్లా? ప్రయోగం రాజేశం అనే మరమగ్గాల ఆసామి షెడ్డులో. నేను ప్రాజెక్టు సహాయకుణ్ణి. సుమారు ఆరు నెలలు వాడిన పిక్కర్లను జర్మనీ పరిశోధకుడు తన పరికరంతో స్వయంగా కొలవాలి. ఆ కొలతలు చూశాకే వాళ్లు మాతో కొనసాగాలో, ఇంకో దేశానికి పోవాలో తేల్చుకుంటారు.

ఆయన వచ్చిన రోజు దారిలో పోలీసులు జీపు ఆపి పరికరం పెట్టె విప్పించారు.

"గిదేంది మేడం, బాంబు గిట్ల కాదు గదా?" అన్నాడు ఒక కానిస్టేబుల్.

"కాదు తమ్మీ, తోలు ఎంత అరిగిందో సూసే మిషిను."

"దానికి జర్మనీ నుంచి అచ్చిండా? జర మా బూట్లు గూడ సూడుమనుండ్రి!"

నవ్వుకుంటూనే సిరిసిల్ల చేరాం. షెడ్డు గుమ్మానికి మామిడాకులు కట్టి ఉన్నాయి. నేల కడిగి ముగ్గు వేశారు. సాంచాలన్నీ తుడిచి మెరిపించారు. దగ్గరికి వెళ్లి చూశాను. ప్రతి సాంచా మీదా కొత్త పిక్కరే.

"పాతయి ఏవి రాజేశమన్నా?" అన్నారు మేడం.

"ఏంది మేడం గట్లంటరు? సుట్టమత్తే ఇల్లు అలుకుతం, మంచి చాప పరుస్తం. మాకు గీ షెడ్డే ఇల్లాయె. పరదేశం మనిషి ముందల అరిగిపోయినయి పెట్టి ఇజ్జత్ తీసుకుంటమా?" ఆయన ముఖం వెలిగిపోతోంది. "పాతయి బయట పారేసిన. కొన్ని కుక్కలు గుంజుకపోయినయి, కడమయి పొయ్యిల వడ్డయి."

మాతో వచ్చిన సీనియర్ లెక్చరర్ ఒకాయన మేడంను పక్కకు పిలిచారు. "బంద్ పిలుపుతో షెడ్డు మూతపడ్డది, సామాన్లు పోయినయి అని చెప్పుండ్రి. ఈ రోజులల్ల ఎవరు కాదంటరు?"

ఆమె ఒక్క క్షణం ముగ్గు వైపు చూశారు. "నెపం బంద్ మీద పెడితే ఈ ఊళ్లె పని కాదనుకొని పోతరు సార్. మల్ల రారు. తప్పు మనదని చెప్తే మనమే దిద్దుకోవచ్చు."

జర్మనీ ఆయన ముందు నిలబడి ఇంగ్లీషులో చెప్పారు. రాజేశానికి అతిథి వస్తున్నాడని చెప్పాననీ, అరిగిన ముక్కే మాకు బంగారమని మాత్రం చెప్పలేదనీ, పొరపాటు రాజేశంది కాదు, తనదేననీ. ఆయన సాంచాల మధ్య అటూ ఇటూ నడిచి, చివరికి ఒక ప్రశ్న అడిగారు. అన్నీ ఒకే రోజు బిగించారా?

"నిన్ననే, ఒక్క తీర్గ, ఒక్క చేతితోటి," అన్నాడు రాజేశం. మేడం అనువదించారు.

జర్మనీ ఆయన వెంటనే పరికరం పెట్టె తెరిచారు. పాత పిక్కర్లలో ఒక్కొక్కటి ఒక్కో రోజున బిగించినది. సరైన మొదటి కొలత దేనికీ లేదు. ఇప్పుడు అన్నింటికీ ఒకే మొదలు. చీకటి పడకముందే తిరిగి వెళ్లాలి కాబట్టి అన్నం కూడా మరిచి కొలిచాం. ఒప్పందం ఇంకో ఆరు నెలలు నిలిచింది. తర్వాత చాలా ఏళ్లు సాగింది.

ఆ ఆరు నెలలూ రాజేశం ఎవరినీ పిక్కర్ మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. ఆయన భార్య లచ్చవ్వ మమ్మల్ని చూసినప్పుడల్లా దెప్పేది: "నన్ను గూడ గింత పానంగ సూసుకోలే మేడం. ఇంట్ల చీపురు అరిగిందన్నా 'ముట్టద్దు, జర్మనాయన అత్తడు' అంటుండు!"

రెండు దేశాల పేర్లతో వెలువడిన పరిశోధన పత్రంలో మేడం రెండు విషయాలు పట్టుబట్టి రాయించారు. ఒకటి, మొదటి ప్రయోగం ఎలా పోయిందో. రెండు, కృతజ్ఞతల్లో అందరికంటే ముందు రాజేశం పేరు. ఆ పత్రం ఎక్కడ కనిపించినా ఆ రెండు చోట్లూ వెతుక్కుని చదువుతాను. ఛాతీ పొంగుతుంది. సొరుగులోని పిక్కర్ ఆ రెండో ప్రయోగానిదే, మేడం ఇచ్చింది.

సోమవారం మా కర్మాగారానికి విదేశీ పరిశోధకులు వస్తున్నారు. అరిగిన యంత్రభాగాలను తుడిచి, రంగు వేసి సిద్ధం చేద్దామా అని పనివాళ్లు పొద్దున అడిగారు. వద్దు అని ఫోనులో ఒక్క మాట చెబితే సరిపోతుంది. ఎందుకు వద్దో చెప్పడానికి కిందికి దిగుతున్నాను, పిక్కర్ చేతిలో పట్టుకుని.